బోన్సాయ్ క్లబ్ చరిత్ర రాయాలి: పాత మొక్కల వివరాలు ఎలా తేల్చాలి?

తీరంగాలి
అందరికీ నమస్కారం. విశాఖలోని మా బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్ల) క్లబ్ చరిత్రను 40 పేజీల పుస్తకంగా తేవాలని కమిటీ అనుకుంది. చేతిలో ఉన్నవి: సమావేశాల వివరాలు రాసిన రెండు మినిట్స్ పుస్తకాలు (మధ్యలో కొన్నేళ్లవి లేవు), ఫొటోలు అతుక్కుపోయిన మూడు ఆల్బమ్‌లు, సభ్యుల మధ్య చేతులు మారిన 60 దాకా పాత మొక్కలు. ఏ మొక్క ఎప్పటిదన్న దగ్గరే పేచీ. ఒకే జువ్విని ఒకరు 30 ఏళ్లదంటారు, ఇంకొకరు 45 అంటారు. కాండం లావు కొలిచి వయసు చెప్పొచ్చా?

కుండీ_కత్తెర
చెప్పకండి. జువ్వి నేలలో మూడు నాలుగేళ్లకే పట్టే లావు, లోతు తక్కువ పళ్లెంలో పాతికేళ్లకైనా రాకపోవచ్చు. నేలలో బలిశాక కుండీకెక్కించిన మొక్క, మొదటినుంచీ కుండీలోనే ఉన్నదానికంటే ముసలిగా కనిపిస్తుంది. కాండంలోని వలయాలు లెక్కపెట్టే దారీ లేదు; మర్రి, రావి, జువ్వి లాంటివాటిలో మన వాతావరణంలో ఏటికొక వలయం స్పష్టంగా పడదు. పుస్తకంలో 'వయసు' గడి తీసేసి 'కుండీకెక్కిన ఏడు' పెట్టండి. దానికైతే ఫొటోనో, ప్రదర్శన జాబితానో, కొన్న రసీదో సాక్ష్యం ఉంటుంది. అదీ లేకపోతే '1998కి ముందు' అని రాయండి, తప్పేం లేదు.

పాత ఫొటోలోని మొక్క ఇదేనా అని పోల్చేటప్పుడు కొమ్మల్నీ ఆకుల గుబురునూ నమ్మొద్దు. పదేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారతాయి. కాండం మొదటి వంపు, పెద్ద కొమ్మ కోసిన మచ్చ, మట్టి దగ్గర వేళ్లు విచ్చుకున్న తీరు చూడండి. జువ్వి వేళ్లు పక్కపక్కవి కలిసిపోతాయి, మచ్చ కూడా పూడుకుపోవచ్చు, కాబట్టి వంపే అన్నిటికంటే గట్టి గుర్తు. ఇంకో చిక్కు: కుండీ మార్చినప్పుడు చాలామంది ముందువైపునూ మారుస్తారు. అందుకే ఇవాళ్టి మొక్కను పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు ఫొటోలు తీసి, ఆ నాలుగింటితోనూ పోల్చండి. కెమెరా మొక్క సగం ఎత్తులో ఉండాలి, పక్కన స్కేలు నిలబెట్టాలి. పై నుంచి తీస్తే వంపు చదునైపోతుంది. వంపు సరిగ్గా ఎదురు దిక్కుకుంటే నెగెటివ్ తిరగేసి ప్రింట్ వేశారేమో చూడండి. వెనకాల బ్యానరు ఉంటే అక్షరాలు చెప్పేస్తాయి.

పాతకాగితం
కాగితాల సంగతి నేను చెబుతాను. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తేదీని క్లబ్ పుట్టిన తేదీగా వేయకండి. కొన్నేళ్లు ఇళ్లలో కలుసుకున్నాక, బ్యాంకు ఖాతా అవసరమొచ్చినప్పుడు రిజిస్టరు చేసుకునేవే ఎక్కువ. మన వైపు 2001 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టానికి ముందు నమోదైన సంఘాలకు సర్టిఫికెట్ మీద 1860 చట్టం పేరుంటుంది. అసలు సర్టిఫికెట్ పోతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టండి. మినిట్స్‌లో ఖాళీ ఉన్న ఏళ్లకు చందా రసీదు పుస్తకాల అడుగుకట్టలు వెతకండి. హాలు అద్దె, కుర్చీలు, కప్పుల ఖర్చు రాసినచోట ప్రదర్శన తేదీ దొరుకుతుంది.

ఆల్బమ్‌లోంచి ఫొటోలు పీకొద్దు. ముందు పేజీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. పక్కన రాసిన ముక్కలూ, వరుసా రెండూ ఆధారాలే. తర్వాత డెంటల్ ఫ్లాస్ ఫొటో వెనక దూర్చి, రంపంలా మెల్లగా లాగండి. రాకపోతే వదిలేయండి. పోస్టుకార్డు సైజు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే పుస్తకంలో రెట్టింపు సైజులో వేసినా చెదరదు. వెనక వివరాలు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, బాల్‌పెన్ అచ్చు ముందువైపు తేలుతుంది.

పెద్దవాళ్లను 'ఏ సంవత్సరం?' అని అడిగితే తోచిన అంకె చెబుతారు. ఫొటో చేతికిచ్చి 'ఇది హుద్‌హుద్ తుపానుకు ముందా, తర్వాతా?' అనండి. 2014 అక్టోబర్ 12 విశాఖలో ఎవరూ మర్చిపోరు. ఏ కుండీ పగిలింది, ఏ మొక్క మేడమీంచి పడింది, అన్నీ వరుసగా వస్తాయి.

పైన్‌సూది
పై మాటకు ఒకటి కలుపుతాను. మొక్క ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా ఉందో తప్పక అడగండి. 1976లో జపాన్ అమెరికాకు ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో మసారు యమాకి ఇచ్చిన తెల్ల పైన్ ఒకటి, 1625 నుంచి పెంపకంలో ఉన్నది. హిరోషిమాలో బాంబు పడ్డ చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, గోడ చాటున అది బతికి బయటపడింది. ఆ సంగతి దాన్ని ఉంచిన వాషింగ్టన్ బోన్సాయ్ మ్యూజియంవాళ్లకు తెలిసింది 2001లో, ఆయన మనవలు వెతుక్కుంటూ వచ్చి చెప్పాక. మొక్క కళ్లెదుటే ఉంది, పాతికేళ్లు దాని కథ మాత్రం లేదు.

తీరంగాలి
చాలా మేలు చేశారండీ. వచ్చే ఆదివారం నాలుగు వైపుల ఫొటోలతో మొదలుపెడతాం. మొక్కలకు నంబర్లు ఎలా కట్టాలి? స్కెచ్ పెన్‌తో రాసిన ప్లాస్టిక్ చీటీలు ఎండకు వెలిసిపోయాయి.

కుండీ_కత్తెర
కూల్‌డ్రింక్ డబ్బా రేకును 2 × 7 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, అంచులు మడవండి, లేకపోతే చేతివేళ్లు తెగుతాయి. పాత పత్రిక మీద పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే అక్షరం లోతుగా దిగుతుంది. కాండానికి మాత్రం కట్టకండి. వానాకాలంలో జువ్వి లావెక్కి, తీగ బెరడులోకి దిగిపోతుంది. కుండీ అడుగు రంధ్రంలోంచి రాగి తీగ పోనిచ్చి వెనక కాలికి చుట్టండి. కుండీ మార్చిన రోజు మొక్కతోపాటు చీటీ కూడా మారిందో లేదో ఒకరు చూసుకోవాలి. నంబర్లు తారుమారయ్యేది ఎక్కువగా ఆ రోజే.