అప్‌డేట్: ఉద్యోగం మానేసి పీహెచ్‌డీ చేయాలా అని అడిగాను కదా, మానలేదండి

అనంతపురంలో ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను, పీహెచ్‌డీ కోసం రాజీనామా చేయనా అన్నదే నా ప్రశ్న. ముందు నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకి, పరిశోధనకి అర్హత చూసే జాతీయ పరీక్ష) రాయమన్నారు మీరంతా. రాశాను, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాలేదు గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది! 2023 జులై నుంచి ఆ పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు కాబట్టి సగం టెన్షన్ అక్కడే పోయింది.

అయినా పీహెచ్‌డీ వదలను, అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అది ఉండాల్సిందే. 2022 యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనల్లో ఉద్యోగం చేస్తూనే పార్ట్ టైమ్‌గా చేయడానికి వీలుంది, పనిచేసే చోట ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వాలి. ఉత్త 'అభ్యంతరం లేదు' అంటే సరిపోదు, పరిశోధనకి తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన క్లాసులకి) డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామని కూడా అందులో రాయాలి. యాజమాన్యం చాలా తిప్పించుకుంది, చివరికి ప్రిన్సిపాల్ మేడమ్ పక్కన కూర్చుని ఆ రెండు వాక్యాలు టైప్ చేయించారు, ఆవిడ మేలు మరువలేను. నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఏడాదే చెల్లుతుంది, అందుకే ఇప్పుడు ఎస్కేయూలో (ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో) గైడ్ కోసం తిరుగుతున్నాను.