కార్నివాల్‌ అంటే జాతరేనా?

ఒక ఇటాలియన్ కథను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. వెనిస్ కార్నివాల్ రాత్రి జరిగే కథ. కార్నివాల్‌ని 'జాతర' అని రాశాను కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఈ మాట అసలు అర్థం 'మాంసానికి వీడ్కోలు' అని ఎక్కడో చదివాను. నిజమేనా అండీ?

*

సగం నిజమండీ. లాటిన్‌లో 'కార్నె' అంటే మాంసం, 'వాలె' అంటే సెలవు. రెండూ కలిపి 'మాంసమా, ఇక సెలవు' అని చెప్పడం వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అది మాట పుట్టాక జనం అల్లుకున్న వ్యుత్పత్తి. పాత ఇటాలియన్ రూపం 'కార్నెలెవారె'. 'లెవారె' అంటే ఎత్తడం, తీసేయడం. అంటే మాంసాన్ని పక్కన పెట్టేయడం. అదే పలుకుబడిలో నలిగి 'కార్నెవాలె' అయింది.

ఈ 'కార్నె' మనకు మరీ పరాయిది కాదు. దాని మూలధాతువుకి 'కోయడం' అని అర్థం. అంటే మొదట్లో కోసిన ముక్క, వాటా అన్నమాట. సంస్కృతంలో 'కర్తరి' ఆ ధాతువు నుంచే వచ్చింది, ఆ కర్తరే మన ఇంట్లో కత్తెర. కార్నివాల్‌కీ కత్తెరకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇక పండుగ సంగతి. ఈస్టర్‌కి ముందు 46 రోజుల కాలం ఉంటుంది. అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40 ఉపవాస దినాలు. మన కతోలిక కుటుంబాలు తపస్సు కాలం అనేది దీన్నే. ఇది బూడిద బుధవారంతో మొదలవుతుంది. మధ్యయుగాల యూరప్‌లో ఈ రోజుల్లో మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా నిషేధం. ఫ్రిజ్‌లు లేని కాలం, చలికాలం చివర. ఇంట్లో మిగిలిన మాంసం, కొవ్వు, గుడ్లు ఆ 40 రోజులూ ఎక్కడ ఆగుతాయి? అందుకని ముందే వండి, ఇరుగుపొరుగుతో కలిసి తినేసేవారు. ఆ సంబరమే కార్నివాల్. దాని ఆఖరి రోజు, అంటే బూడిద బుధవారానికి ముందురోజు, ఫ్రెంచివాళ్లకి 'మార్దీ గ్రా', 'కొవ్వు మంగళవారం'. ఇంగ్లండులో ఆ రోజు పాన్‌కేకులు వేస్తారు, కానీ పేరు మాత్రం వంటింటిది కాదు. 'ష్రోవ్ ట్యూస్‌డే'లో ఉన్నది 'ష్రైవ్', అంటే పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం. ఒకే రోజుకి ఒకచోట పెనం మీంచి పేరొస్తే, ఇంకోచోట గుడి లోపలి నుంచి వచ్చింది.

రష్యాలో 'మాస్లెనిత్స' ఇంకా ముచ్చటగా ఉంటుంది. 'మాస్లో' అంటే వెన్న, నూనె. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవుల పద్ధతిలో, ఉపవాసానికి ముందు వచ్చే ఆ వారానికి మాంసం అప్పటికే ఆగిపోతుంది, పాలూ వెన్నా మాత్రం ఇంకా తినొచ్చు. అందుకే వారమంతా వెన్న రాసిన అట్లు, 'బ్లినీ'. ఏది ఆఖరున మానాలో దాని పేరే పండుగకి వచ్చింది.

*

రోమన్ల సాటర్నాలియా పండుగే తర్వాత కార్నివాల్ అయిందంటారు కదా?

*

చాలామంది అంటారు. ముసుగులు, యజమాని పనివాడు తారుమారవడం లాంటివి చూస్తే పోలిక కనిపిస్తుంది. కానీ సాటర్నాలియా డిసెంబరులో వచ్చేది. కార్నివాల్‌కి స్థిరమైన తేదీ లేదు, ఈస్టర్‌తో పాటే ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ చివరి మంగళవారం 2025లో మార్చి 4న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 17న. ఉపవాసం ఎక్కడికి కదిలితే పండుగా అక్కడికే. నాకు ఇదే బలమైన ఆధారంగా అనిపిస్తుంది. పాత వేడుకల ఛాయలు ఉంటే ఉండొచ్చు, పండుగను నిలబెట్టింది మాత్రం ఆ ఉపవాసమే.

అందుకే 'జాతర' వద్దంటాను. మన జాతర అమ్మవారి చుట్టూ, ఊరి మొక్కు చుట్టూ తిరుగుతుంది. అక్కడ వేట వేసి పెట్టేది అమ్మవారికి. ఇక్కడ మాంసం రేపటి నుంచి ఉండదని తింటారు. మహారాష్ట్రలో శ్రావణానికి ముందు అమావాస్యను 'గటారీ' అని చేసుకుంటారు. పోలిక కావాలంటే అది దగ్గర. కార్తీకం వస్తోందంటే మన ఇళ్లలో 'ఈ ఆదివారమే ఆఖరు' అని కోడి తెచ్చుకోవడం కూడా అలాంటిదే, కాకపోతే దానికి మనం పేరు పెట్టుకోలేదు.

*

నేను గోవాలో ఉంటాను. ఇక్కడ కొంకణిలో 'ఇంత్రూజ్' అంటారు. అది వేరే మాటా?

*

వేరేనండీ, పోర్చుగీసు 'ఎంత్రూదో' నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్ 'ఇంత్రోయితుస్', ప్రవేశం. ఉపవాస కాలపు గుమ్మం అనుకోండి. ఒక మాట ఏం వదిలేస్తున్నామో చెబితే, ఇంకోటి ఎందులోకి అడుగు పెడుతున్నామో చెబుతోంది. బ్రెజిల్‌లో కూడా ఇప్పటి కార్నివాల్‌కి ముందు ఎంత్రూదోనే ఉండేది, నీళ్లు చల్లుకునేవారు.

*

అందరికీ ధన్యవాదాలు. 'జాతర' కొట్టేశాను. 'కార్నివాల్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట నాయనమ్మ పాత్ర చేత 'రేపటి నుంచి నలభై రోజులు మాంసం ముట్టం, తినరా' అనిపించాను.