ఐదు వేల డాలర్ల వాటా: వాల్టర్ వైట్‌కు అన్యాయం జరిగిందా?

మురళి (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్):
బ్రేకింగ్ బ్యాడ్ ధారావాహికను రెండోసారి పూర్తిగా చూశాను. 2008 నుంచి 2013 దాకా 62 ఎపిసోడ్లుగా వచ్చిన ఆ కథను, క్యాన్సర్ సోకిన కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్ కుటుంబం కోసం మత్తుమందు తయారుచేసిన కథగానే అందరూ చెప్పుకుంటారు. నా దృష్టిలో దానికి మూలం క్యాన్సర్ కాదు, గ్రే మ్యాటర్ అనే కంపెనీ. స్నేహితుడు ఎలియట్‌తో కలిసి స్థాపించిన ఆ కంపెనీలో తన వాటాను వాల్టర్ ఐదు వేల డాలర్లకు వదులుకున్నాడు. ఐదో సీజన్‌లో, మత్తుమందు తయారీలో తన జోడీ అయిన జెస్సీకి ఆ సంగతి చెప్పేనాటికి కంపెనీ విలువ 216 కోట్ల డాలర్లకు చేరింది, ఆ అంకెను అతను వారం వారం చూసుకుంటూనే ఉన్నాడు. అతని పరిశోధనతో పైకి వచ్చిన ఎలియట్, గ్రెచెన్ దంపతులు చివరికి టీవీ ఇంటర్వ్యూలో కూర్చుని, కంపెనీకి అతను ఇచ్చింది పేరు ఒక్కటేనని చెప్పారు. హత్యలను నేను సమర్థించడం లేదు, కానీ తొలి అన్యాయం అతనికే జరిగింది.

సీతాపతి (జయనగర్):
మురళి గారూ, తన వాటాను అతనే అమ్ముకున్నాడు. ఎవరూ అతని చేయి పట్టుకుని సంతకం పెట్టించినట్టు కథలో ఎక్కడా లేదు. అప్పట్లో గ్రెచెన్, వాల్టర్ ప్రేమికులు. రెండో సీజన్‌లో ఆమె చెప్పినదాని ప్రకారం, సెలవులకు ఆమె పుట్టింటివాళ్లతో ఉండగా సరిగ్గా మాట్లాడకుండానే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది అతనే. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఆడిటర్‌గా ఉన్నాను. అమ్మిన రోజున వాటా విలువ ఎంతో అదే విలువ, తరువాత పెరిగిన విలువ ఆ కంపెనీలో మిగిలినవాళ్ల కష్టానిది, వాళ్లు తలకెత్తుకున్న నష్టభయానిది. పైగా మొదటి సీజన్‌లోనే ఎలియట్ అతనికి ఆరోగ్య బీమాతో కూడిన ఉద్యోగం ఇస్తానన్నాడు, గ్రెచెన్ చికిత్స ఖర్చు భరిస్తానంది. రెండింటినీ కాదని, ఆ డబ్బు వాళ్లే ఇస్తున్నారని భార్యకు అబద్ధం చెప్పాడు.

పద్మజ (కె.ఆర్. పురం):
తన కోసమే చేశానని, ఆ పని తనకు నచ్చిందని చివరి ఎపిసోడ్‌లో అతనే భార్య ముందు ఒప్పుకున్నాడు. అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

మురళి:
పద్మజ గారూ, మనిషి చివర్లో ఏమయ్యాడో ఆ ఒప్పుకోలు చెబుతుంది, ఎందుకు అలా అయ్యాడో చెప్పదు. సీతాపతి గారూ, తన కష్టంతో కోట్లు గడించినవాళ్లు ఆ కోట్లలోంచి మందుల ఖర్చు దానంగా ఇస్తామంటే చేయి చాచడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. 2014లో మా ఆవిడ పురుటి సమయంలో, నెల జీతం రాని కంపెనీలో ఇక ఉండలేక, ఇద్దరు స్నేహితులతో కలిసి పెట్టిన సంస్థ నుంచి నేను బయటికి వచ్చాను. షేరుకు పది రూపాయల ముఖవిలువ చొప్పున నా వాటా తీసుకున్నారు. నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్ మీదే ఆ సంస్థ ఈనాటికీ నడుస్తోంది. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది, కానీ న్యాయం కాగితంతో ముగిసిపోదు.

సీతాపతి:
మీ బాధను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒక్క విషయం చెప్పండి. సంతకం పెట్టిన రోజున షేరు విలువ లెక్కకట్టిన పత్రం ఏదైనా మీరు అడిగి తీసుకున్నారా?

వెంకట్ (మారతహళ్లి):
ఆ ఐదు వేల డాలర్లు ఆనాడు కొన్ని నెలల ఇంటి అద్దెకు సరిపోయే సొమ్మని వాల్టరే జెస్సీతో అంటాడు. అవసరంలో ఉన్నవాడి అమ్మకాన్ని ఇష్టపూర్వకమైన అమ్మకం అనలేము.

సీతాపతి:
అవసరం లేనివాడు అమ్ముతాడా, వెంకట్ గారూ? అవసరాన్నిబట్టి అమ్మకాలను రద్దుచేస్తే ఏ ఒప్పందమూ నిలవదు. మురళి గారు నా ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.

రమణ (పీణ్య):
మీరిద్దరూ ఐదు వేల డాలర్ల దగ్గరే ఆగిపోయారు. అదే ఐదో సీజన్‌లో, కొత్త వ్యాపారం తొలి విడత సొమ్ము పంచుకునే సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. వాల్టర్ అంతకుముందు పనిచేసిన మత్తుమందు వ్యాపారి గస్ ఫ్రింగ్ దగ్గర పనిచేసి జైలుకు వెళ్లిన తొమ్మిది మందికి ఇస్తామన్న డబ్బును ప్రభుత్వం జప్తు చేసింది. ఆ లోటు పూడ్చడానికి, ఒకప్పుడు గస్ మనిషి, ఇప్పుడు వాల్టర్, జెస్సీల భాగస్వామి అయిన మైక్ అందరి వాటాల్లోంచి కొంత తీసి పక్కన పెట్టాడు. వాల్టర్ అడ్డుపడితే, తన వాటాలోంచి తీసుకోమని జెస్సీ అన్నాడు. మైక్ ఆ తొమ్మిది మందికి బాకీపడ్డాడా, లేదా? మురళి గారూ, కాగితంతో న్యాయం ముగిసిపోదంటే వాల్టర్ కూడా ఆ డబ్బు ఇచ్చి తీరాలి. సీతాపతి గారూ, కాగితమే ఆఖరి మాట అయితే మైక్ చేసిన పని మీకు తెలివితక్కువతనంగా కనిపించాలి.

సీతాపతి:
మైక్ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే కాబట్టి నా వాదనలో వైరుధ్యం లేదు.

మురళి:
ఆ బాకీ గస్ ఫ్రింగ్‌ది. అతను చనిపోయాడు, ఆ వ్యాపారం మూతపడింది. వాల్టర్ పెట్టింది కొత్త వ్యాపారం, పాతవాడి బాకీలు అతను ఎందుకు మోయాలి? పైగా ఆ డబ్బు వాళ్ల నోరు మూయించడానికి ఇచ్చింది. ఆ తొమ్మిది మంది వాల్టర్ కోసం ఏం చేశారు?

రమణ:
మురళి గారూ, పాతవాడి బాకీ మాది కాదన్న ఈ మాటను నేను మా ఇంట్లో విన్నాను. పీణ్యలో ఒక షెడ్డులో పవర్ ప్రెస్ కింద మా నాన్నగారి కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. ఏ కాగితమూ లేకుండా పాత యజమాని ఇరవై రెండు నెలల పాటు సగం జీతం ఇంటికి పంపించారు. తరువాత ఆ షెడ్డు చేతులు మారింది. ఆ బాకీ పాతవాళ్లదని, పుస్తకాల్లో అలాంటిదేమీ లేదని వాళ్ల ఆడిటర్ చూసి చెప్పారని కొత్తవాళ్లు అన్నారు. మీ భాగస్వాములు మీకు చేసినదాన్నే మీరు ఇప్పుడు ఆ తొమ్మిది మందికి చేయమంటున్నారు. మీకు జరిగితే అన్యాయం, మా నాన్నగారికి జరిగితే వ్యాపారమా?

పద్మజ:
దయచేసి వ్యక్తిగతంగా మాట్లాడుకోవద్దు.

రమణ:
వ్యక్తిగతం చేసింది నేను కాదు. పది రూపాయల షేర్ల సంగతి వచ్చినప్పుడు మీరెవరూ అడ్డుచెప్పలేదు.

సీతాపతి:
రమణ గారూ, అలాంటి నివేదికల మీద నేను కూడా సంతకాలు పెట్టాను. పుస్తకాల్లో లేని బాకీని నేను బాకీగా చూపలేను. నోటిమాట కూడా ఒప్పందమేనని ఇందాక అన్నాను, కానీ ఆ ఒప్పందం మాట ఇచ్చినవాడి వరకే. అతను చనిపోయినా, అమ్ముకుని వెళ్లిపోయినా ఆ మాటను ఎవరు మోయాలో నా వృత్తిలో సమాధానం లేదు. మైక్ దాన్ని తన మీద వేసుకున్నాడు, వేసుకోవాలని అతన్ని ఎవరూ బలవంతం చేయలేరు. మన ముగ్గురి మధ్య తేడా అక్కడే ఉంది. ఐదు వేల డాలర్లు తక్కువా ఎక్కువా అన్నది అసలు తేడా కానే కాదు.

మురళి:
రమణ గారూ, మీ నాన్నగారి విషయంలో కొత్తవాళ్లు చేసింది తప్పు. అది ఒప్పుకుంటే వాల్టర్‌ది కూడా తప్పని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నాను. ఆ తొమ్మిది మంది పేర్లు ఇవ్వనన్నందుకే మైక్‌ను కాల్చి, తరువాత రెండు నిమిషాల వ్యవధిలో జైళ్లలో వాళ్లందరినీ చంపించిన ఘట్టాన్ని రెండోసారి చూసినప్పుడు నేను దాటవేశాను. నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు మిగుల్చుకోవడానికి, వాళ్లు నోరు విప్పుతారన్న భయం తీర్చుకోవడానికి అతను ఎంచుకున్న దారి అది. గ్రే మ్యాటర్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

సీతాపతి:
మంచిది. ఆ పత్రం సంగతి?

మురళి:
అడగలేదు. ఇద్దరూ నా పెళ్లికి పందిరి వేయించినవాళ్లు, వాళ్లను కాగితం అడగడానికి నాకు నోరు రాలేదు.