‘వరియెతా’ అంటే వైవిధ్యమేనా?

‘లూచి దెల్ వరియెతా’ అనే పాత ఇటాలియన్ హాస్యచిత్రం పేరును మొన్న ఇక్కడ ఒక మిత్రులు ‘వైవిధ్యపు వెలుగులు’ అని తెనిగించారు. వినసొంపుగా ఉంది. కానీ ఆ సినిమాకు ఆ పేరు అతకదని నా గట్టి నమ్మకం.

కీలకమంతా ‘దెల్’లో ఉంది. అది పుంలింగ పదాల ముందు వచ్చే ‘యొక్క’ లాంటి మాట; స్త్రీలింగానికైతే ‘దెల్లా’. ‘వరియెతా’ స్త్రీలింగమైతే వైవిధ్యమే. అప్పుడు ‘దెల్లా వరియెతా’ అనాలి. పుంలింగమైతే అర్థం వేరు: పాట, నాట్యం, హాస్యం, గారడీ అన్నీ కలిపి వేదిక మీద చూపే వినోద ప్రదర్శన. ‘తెయాత్రో ది వరియెతా’ (వరియెతా రంగస్థలం) అన్న పేరు కురచబడినా, ‘తెయాత్రో’ పుంలింగం మాత్రం దానికి అంటుకునే ఉంది. మాటలో ఒక్క అక్షరమూ మారలేదు, ముందున్న ‘దెల్’ ఒక్కటే గుట్టు విప్పుతోంది. వస్తువుల పేర్లలో ఆడ, మగ తేడా చూడని మనకు ఇది ఇట్టే కన్నుగప్పుతుంది.

ఈ సినిమాను 1950లో అల్బెర్తో లత్తువాద, ఫెదెరికో ఫెల్లీని కలిసి తీశారు. ఫెల్లీనికి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. రైలెక్కి ఊరూరా తిరిగే ఒక పేద మేళం కథ. అందులోని హాస్యనటుడు కెక్కో, తనను ప్రేమించే మెలీనాను పక్కనబెట్టి, కొత్తగా చేరిన లిలియానా వెంట పడతాడు; ఆమె పైమెట్టు దొరకగానే వెళ్ళిపోతుంది. ఒక ధనికుడు రాత్రి విందుకు పిలిచి, చివరికి అందరినీ బయటికి గెంటేస్తే, మేళమంతా నడుచుకుంటూ తిరిగి వస్తుంది. ఆ నడక చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక ‘లూచి’. ఇది ‘లూచె’కు బహువచనం. ‘లూచె’ అంటే వెలుగూ అవుతుంది, దీపమూ అవుతుంది. తెలుగులో ‘వెలుగులు’ అనగానే కీర్తి, ఆశ స్ఫురిస్తాయి. ఈ మనుషులకు దక్కింది దీపాలే. ఆట ముగియగానే ఆర్పేస్తారు.

ఆట అన్నాను కదా, ఆ మాటనే వాడుకుందామని నా కోరిక. తోలుబొమ్మలాట ఉంది, మొదటి ఆట, రెండో ఆట అంటూ సినిమాకూ అదే మాట, బాగుంటే సినిమా వంద రోజులు ‘ఆడుతుంది’. ‘ప్రదర్శన’లో ఈ వేడి లేదు. పిల్లల ఆటలనుకుంటారని కొందరు అనవచ్చు కానీ, పక్కన ‘దీపాలు’ చేరితే ఆ అనుమానం నిలవదు. ‘మేళం దీపాలు’ కూడా ఆలోచించాను. అది మనుషుల గుంపును చెబుతుంది, ‘వరియెతా’ చెప్పేది వారు ఆడేదాన్ని.

కాబట్టి నా ఓటు ‘ఆట దీపాలు’కే. సమాసంగా కలిపి రాయడం మేలా, విడిగా ఉంచడమా అన్నది మాత్రం వ్యాకరణం తెలిసిన పెద్దలు చెప్పాలి.