‘గుడి’ భాగం ఉన్న జపనీస్ కంజీ అక్షరాలు కలిసిపోతున్నాయి, ఎలా విడదీయాలి?

జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయికి చదువుతున్నాను. కంజీలో రెండు చెట్టు గుర్తులుంటే తోపు, మూడుంటే అడవి, చెట్టు పక్కన మనిషి అంటే విశ్రాంతి. ఇలా బొమ్మ కనిపించేవాటితో ఇబ్బంది లేదు. చిక్కంతా కుడివైపు ‘గుడి’ ఉన్నవాటితోనే. ఎడమపక్క సూర్యుడుంటే సమయం, చెయ్యి ఉంటే పట్టుకోవడం, నడకను సూచించే గుర్తు ఉంటే ఎదురుచూడటం. ఇక్కడ గుడి అర్థం కోసం కాదు, ఉచ్చారణ కోసం పెట్టిందట. మొదటి రెండూ ‘జి’, బాగానే ఉంది. మూడోది మాత్రం ‘తాయ్’!

కథలు అల్లుకున్నాను, ఫ్లాష్‌కార్డులు తిప్పాను. విడిగా చూపిస్తే చెప్పగలను. వాక్యంలో అవే కంజీలు క్రియలుగా వచ్చినప్పుడు వేగంగా చదివితే ‘మోత్సు’ (పట్టుకోవడం), ‘మాత్సు’ (ఎదురుచూడటం) తారుమారవుతున్నాయి. ఇలాంటివాటిని శబ్దాన్ని బట్టి గుంపుగా నేర్చుకోవాలా, ఎడమవైపు గుర్తును బట్టి వేర్వేరుగా నేర్చుకోవాలా? మీకు ఏది పనిచేసింది?