సందె తాయెతులా, సంది తాయెతులా?

నెల్లూరు: మా పాపకి ఎనిమిదేళ్లు. నిన్న 'చేత వెన్నముద్ద' పద్యం అప్పజెప్పించుకుంటుంటే 'సందె తాయెతులు' అంది. పుస్తకంలోనూ అలాగే ఉంది. మా అమ్మ నాకు 'సంది' అని నేర్పింది. నీళ్లు పోసి ఒళ్లు తుడుస్తూ చెప్పేది. వెన్నముద్ద అన్నప్పుడు అరచేతిలో వేలు పెట్టేది, పూదండకి మెడ, మొలతాడుకి నడుము. 'సంది' దగ్గర జబ్బ పట్టుకుని చిన్నగా నొక్కేది. గజ్జెల దాకా వచ్చేసరికి తువ్వాలు పాదాల మీద ఉండేది. అమ్మ పోయి ఆరేళ్లయింది. పాపకి ఏది చెప్పను?

తెనాలి: మీ అమ్మగారిదే ఒప్పు. సంది అంటే బాహువు. సందిట బిగించడం, సందిదండ అన్నీ అక్కడివే. తాయెతు కట్టేది జబ్బకి, సాయంత్రానికి కాదు.

రాజమండ్రి: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి మాస్టారూ. సందెవేళ పిల్లలకి దిష్టి తగులుతుందని దీపం పెట్టగానే తాయెతు సర్దడం మా ఇంట్లో చూశాను. 'సందె' అంటే నాకు ఆ వేళే కనిపిస్తుంది. గణాలు చూసినా రెండూ గలమే, ఒక గురువు, ఒక లఘువు; ఛందస్సు తీర్పు చెప్పదు.

తెనాలి: ఇక్కడ చెప్పదు, నిజమే. పై పాదంలో చెబుతుంది. అందరూ 'బంగారు మొలతాడు' అంటారు. ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే గలమో మూడు లఘువులో కావాలి, 'బంగరు' అంటేనే కుదురుతుంది. అలాగే 'తాయెత్తులు' అని ఒత్తు పెడితే గణం చెడుతుంది. 'తాయెతులును' అనాలి.

సిద్దిపేట: మా బాపు కూడ 'బంగారు' అనే అనేటోడు మాస్టారూ. గణాలు మాకేమెరుక, ఆయన గొంతే ఎరుక. ఒక ముచ్చట. మా ఊళ్ల పీర్ల పండుగకు పీరుకు దట్టీలు కడతరు. చిన్నప్పుడు 'పట్టుదట్టి' అంటే కృష్ణునికి కూడ పీరుకు కట్టినట్టే కట్టిన్రని అనుకున్న. బాపు నవ్వి, గుడ్డ ఒక్కటే బిడ్డా అన్నడు.

మైసూరు: అసలు మాట తాయెతు. కన్నడంలో తాయి అంటే తల్లి. బిడ్డ బొడ్డుతాడు అందులో పెట్టి కట్టే ఆచారం ఉంది కదా, తల్లి కట్టింది కాబట్టే తాయెతు అని నా నమ్మకం.

రాజమండ్రి: వినడానికి ముచ్చటగా ఉందమ్మా, కానీ ఉర్దూ తావీజు ఎదురుగా కనిపిస్తుంటే తాయి దాకా ఎందుకు?

మైసూరు: మా అమ్మ కట్టిన వెండి తాయెతు నా దగ్గరే ఉంది. నేనైతే తాయి అనే అనుకుంటాను.

ఒంగోలు: ఈ పద్యం పోతనది కాదూ?

తెనాలి: కాదు. కర్త ఎవరో తెలియదు. పోతన బాలకృష్ణుడు కావాలంటే 'అమ్మా! మన్ను దినంగ నే శిశువునో' ఉంది.

ఒంగోలు: ఆ పద్యం పేరెత్తారు, మా నాన్న గుర్తొచ్చాడు. నేను ఉట్టి మీద బెల్లం తీసి, తినలేదని బొంకితే కొట్టేవాడు కాదు. 'గంధమ్మాఘ్రాణము సేసి' అని రాగం తీసి, వంగి నా నోటి దగ్గర వాసన చూసేవాడు. ఆయన మీసం గుచ్చుకునేది. ఆఘ్రాణం అంటే బెల్లం వాసన అనే అనుకున్నా చాలా ఏళ్లు. మొన్న మావాడు చాక్లెట్ తిని లేదన్నప్పుడు నాకు తెలియకుండానే ఆ రాగం వచ్చేసింది. వాడు నోరు తెరిచి చూపించాడు.

రాజమండ్రి: కొట్టవద్దనడు చూడండి, 'దప్పైన దండింపవే' అంటాడు. దండింపుమని అమ్మకే అప్పగించాడు. ఆ 'వే' ఒక్కటి చాలు పోతనకి.

నెల్లూరు: రాత్రి తల తుడుస్తూ 'సంది' అని జబ్బ పట్టుకున్నాను. అమ్మమ్మ ఇంత గట్టిగా పట్టుకునేదా అని అడిగింది. ఇంకా మెత్తగా అన్నాను. మళ్లీ మొదట్నుంచి చెప్పమంది.

తెనాలి: మళ్లీ చెప్పేటప్పుడు 'నిన్నుఁ జేరి' అని చెప్పండమ్మా, 'చేరి' వద్దు. నిన్ను ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, దాని తర్వాత చ జ అవుతుంది.

రాజమండ్రి: పిల్ల నోట 'చేరి' అంటేనే బాగుంటుంది మాస్టారూ.