వట్టివేళ్ల తడికకు బదులు మట్టి గొట్టాలు పనిచేస్తాయా?

మాది రెంటచింతల. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మాకు మామూలే. పోయినేడాది పడమటి వరండాకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లాం. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాలు గది హాయిగా ఉండేది, ఆ వాసన సంగతి చెప్పక్కర్లేదు. కానీ మా బోరు నీళ్లు ఉప్పన. రెండు నెలలకే వేళ్లమీద తెల్లటి పొర పేరుకుని బిరుసెక్కాయి, కింది అంచుకు బూజు పట్టింది.

నోయిడాలో ఒక ఫ్యాక్టరీ దగ్గర కాల్చిన మట్టి గొట్టాలు పేర్చి, పైనుంచి నీళ్లు జార్చి గాలిని చల్లబరిచారు. ఈసారి అలా చేద్దామనుకుంటున్నాం. మట్టిలోని సన్న రంధ్రాలు కూడా ఉప్పుతో మూసుకుపోతాయా? గోనెపట్టా, కొబ్బరిపీచు వాడినవాళ్లెవరైనా ఉన్నారా? రోజుకి ఎన్ని బిందెలు పడతాయో కూడా చెప్పండి, మా అమ్మ మొదటి ప్రశ్న అదే.